కాలు తగిలింది

1991 జులై. తెనాలి దగ్గరి చుండూరు ఊళ్లో సినిమా హాలు. చీకట్లో ఒక దళిత కుర్రాడి కాలు పై కులం వాడికి తగిలింది. చదువుకున్న కుర్రాడు. కావాలని చేసింది కాదు. అయినా మాట పెరిగింది. దళితవాడను వెలివేశారు. పొలాల్లో పనులివ్వడం మానేశారు. ఊరు ఉడికిపోతోంది.

కాళ్ల గురించే ఇంకో రాత్రి ఉంది.

యెరూషలేము. ఈస్టర్‌కు ముందు గురువారం. మేడగదిలో పదమూడు మంది భోజనానికి కూర్చున్నారు. అందరి కాళ్లకూ వీధి దుమ్మే. కడగాల్సింది బానిస. బానిస లేడు. తమలో ఎవరు గొప్పో తేల్చుకునే గొడవలో ఉన్నారు శిష్యులు. ఎవరూ కదల్లేదు.

యేసు లేచాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసుకుని, ఒక్కొక్కరి ముందూ నేలకు వంగి, మడమల పగుళ్లలో ఇరుక్కున్న దుమ్ము కూడా పోయేలా కడిగి, అదే తువ్వాలుతో తుడుస్తూ వచ్చాడు. పేతురు ససేమిరా అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. ఆ వరసలో యూదా కూడా ఉన్నాడు. కాసేపట్లో తనను అప్పగించబోయేది అతనేనని యేసుకు తెలుసు. అతని కాళ్లూ కడిగాడు. మీరూ ఒకరికొకరు ఇలాగే చేయాలన్నాడు. యూదా చీకట్లోకి వెళ్లిపోయాడు. తెల్లారితే శుక్రవారం.

1991 ఆగస్టు 6. చుండూరు పొలాల్లో గొడ్డళ్లు లేచాయి. ఎనిమిది మంది దళితులను చంపేశారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బతికినవాళ్లు తెనాలి చేరారు. చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డునే పాతిపెట్టారు. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. కథ అక్కడితో ఆగలేదు.

2014 ఏప్రిల్ 17, పవిత్ర గురువారం. ఆ సాయంత్రం క్యాథలిక్ చర్చిల్లో ఫాదర్‌లు మోకాళ్లూని విశ్వాసుల కాళ్లు కడిగారు. ఆదివారం ఈస్టర్. మంగళవారం, ఏప్రిల్ 22న, హైకోర్టు చుండూరు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

ఏడాది ముందే రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ బాలనేరస్తుల జైలుకు వెళ్లి, పన్నెండు మంది ఖైదీల కాళ్లు కడిగి ముద్దు పెట్టుకున్నారు. వాళ్లలో అమ్మాయిలున్నారు, ముస్లింలున్నారు. అప్పటికి నియమం మగవాళ్లకే. 2016 జనవరిలో ఆ నియమాన్నే మార్చేశారు.

తెనాలిలో రైలెక్కి బాపట్ల వైపు వెళ్తే మధ్యలో చుండూరు స్టేషన్ వస్తుంది.  ఈ దారి పొడవునా చాలా పల్లెల్లో చర్చిలున్నాయి. ఈసారి పవిత్ర గురువారం మీ చర్చిలో ఎవరి కాళ్లు కడుగుతారో చూడండి. అందరూ ఒకే పేటవాళ్లయితే ఎందుకో ఫాదర్‌గారిని అడగండి. ఊరి పెద్దలు నిజంగా విశ్వాసులైతే నీళ్లూ తువ్వాలూ తీసుకుని దళితవాడకు రమ్మనండి.