క్లిప్పు లేని క్లిప్పు కథ

రోడ్డు సైకిల్ కొన్న ప్రతివాడికీ ఆర్నెల్లకో ఏడాదికో ఓ ధర్మసందేహం వస్తుంది: మామూలు పెడళ్ళతోనే ఉండిపోదామా, క్లిప్‌లెస్‌కి మారదామా? నేనిప్పుడు ఆ దశలోనే ఉన్నాను. "సిగ్నల్ దగ్గర కాలు రాక పడిపోతావు" అనేవాళ్ళే ఎక్కువ. సరే, కొనేముందు అసలీ వస్తువు ఎందుకు పుట్టిందో చూద్దామని కాస్త చరిత్ర తవ్వితే, కథ పూర్తిగా తిరగబడింది.

ముందు పేరు సంగతి. బూటు కింద బిగించిన క్లీటు పెడల్లో టక్కుమని ఇరుక్కుంటుంది కదా, మరి క్లిప్పు లేదంటారేంటి? లేనిది పాత క్లిప్పు. అప్పట్లో పెడల్ ముందు కాలివేళ్ళకి ఇనప పంజరంలాంటి టో క్లిప్పు, దాని చుట్టూ తోలు పట్టీ ఉండేవి. పందెంలో పట్టీ బిగించాక కాలు రావాలంటే వంగి చేత్తో వదులు చేసుకోవాల్సిందే. పడితే సైకిల్‌తో సహా పడడమే.

ఈ పంజరాన్ని వదిలించుకోవాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో చార్లెస్ హాన్సన్ 1895లోనే ఇలాంటి పెడల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1970ల మొదట్లో ఇటలీ కంపెనీ చినెల్లి ఎం71 పెడల్ తెచ్చింది. పట్టు బ్రహ్మాండం. కానీ విడిపించుకోవాలంటే పెడల్ దగ్గరున్న మీటని చేత్తో కదపాలి! జనం వాటికి మృత్యు క్లీట్లని ముద్దుపేరు పెట్టారు. ఇంక అవెలా నిలబడతాయి?

అసలు మలుపు మంచుకొండల మీంచి వచ్చింది. ఫ్రాన్స్‌లోని లుక్ అనే కంపెనీ స్కీ బైండింగులు చేసేది. స్కీయింగ్‌లో బూటు గట్టిగా పట్టుకుని ఉండాలి, పడినప్పుడు మాత్రం ఊడిరావాలి, లేకపోతే కాలు విరుగుతుంది. అదే సూత్రంతో 1984లో పెడల్ చేశారు: మడమ పక్కకి తిప్పితే చాలు, కాలు బయటికి. మోకాలి ఆపరేషన్ నించి కోలుకున్న బెర్నార్డ్ హినో వీటితోనే 1985లో తన ఐదో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. ఐర్లండ్ వీరుడు సీన్ కెల్లీ లాంటివాళ్ళు చాలాకాలం పట్టీలు వదల్లేదుగానీ, మిగతా గుంపు మెల్లగా మారిపోయింది.

అంటే ఈ పెడల్ గొప్ప పట్టుకోవడంలో కాదు, వదలడంలో ఉందన్నమాట!

మరి వేగం? పైకి కూడా లాగొచ్చు కాబట్టి బోలెడు లాభం అంటారు. 2007లో వచ్చిన ఓ పరిశోధనలో, కావాలని పైకి లాగినప్పుడు అదే పనికి శరీరం ఇంకా ఎక్కువ శక్తి ఖర్చుపెట్టిందని తేలింది. కాబట్టి మామూలు తొక్కుడులో అద్భుతాలేం జరగవు. గతుకుల్లో, స్ప్రింట్‌లో కాలు జారకపోవడం మాత్రం నిజమైన లాభమే. ఇంకోటి, తొలినాటి క్లీట్లు పాదాన్ని కదలనిచ్చేవి కావు, మోకాళ్ళు మొరాయించేవి. తర్వాత కాస్త అటూ ఇటూ కదిలే క్లీట్లొచ్చాయి. 1990లో షిమానో ఎస్‌పీడీ చిన్న క్లీటుని బూటు అడుగులోకి దాచేసి, నడక కూడా తేలిక చేసింది.

ఇదంతా చూశాక నా లెక్క ఇది. రోజూ ట్రాఫిక్‌లో ఆగుతూ పోయేవాడికి లుక్ తరహా పెద్ద క్లీటు అనవసరం. ఒకపక్క ఎస్‌పీడీ, రెండోపక్క మామూలుగా ఉండే పెడల్ కొంటున్నాను. స్ప్రింగు బాగా వదులుగా పెట్టి, గోడ పట్టుకుని ఓ యాభైసార్లు మడమ తిప్పడం అలవాటు చేసుకున్నాకే రోడ్డెక్కడం. ఊరవతల క్లిప్పు, సిగ్నళ్ళ మధ్య మామూలు పక్క.

వేగం కోసమైతే ముందు టైర్లలో గాలి చూసుకోండి, అది చవక.