కుక్రీకి తూకం పెట్టిన చెయ్యి ఎవరిది?



ఆయుధపూజ దగ్గర పడింది. బెంగళూరైనా హోసూరైనా ఆ రోజు మన ఇళ్ళలో కత్తిపీట నుంచి కారు దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పడుతుంది. ఈసారి మన పనిముట్లను కాసేపు పక్కన పెట్టి, పొరుగుదేశపు కత్తి ఒకదాని గురించి రాద్దామనుకున్నాం. అది నేపాలీల కుక్రీ. వాళ్ళ నోట ఖుకురి. మన వీధుల్లో రాత్రిపూట కర్ర తాటిస్తూ, ఈల వేస్తూ తిరిగే కాపలామనిషిని ఏళ్ళ తరబడి 'గూర్ఖా' అనే పిలిచాం. అతని పేరేమిటో, ఊరేదో అడిగినవాళ్ళు మనలో తక్కువ. అతని జాతి కత్తి గురించి విన్నది కూడా చాలావరకు సినిమా కబుర్లే.

ముందు ఆ కబుర్లలో ఒకటి తేల్చేద్దాం. కుక్రీని ఒరలోంచి తీస్తే రక్తం చూపించకుండా తిరిగి పెట్టకూడదని అంటారు. అది కట్టుకథ. నేపాల్ కొండపల్లెల్లో కట్టెలు కొట్టేది కుక్రీతోనే, వెదురు చీల్చేది దానితోనే, పొదలు నరికేది, మాంసం కొట్టేది, కూరగాయలు తరిగేది దానితోనే. తీసిన ప్రతిసారీ రక్తం చూపించాలంటే ఆ ఇంట్లో వంటే సాగదు. అది ముందు పనిముట్టు, ఆ తర్వాతే ఆయుధం. దాని ఆకారం అర్థం కావాలంటే ఈ మాట గుర్తుంచుకోవాలి.

మామూలు కుక్రీ పొడవు పిడితో కలిపి 40 నుంచి 45 సెంటీమీటర్లు. బరువు అరకిలో నుంచి ముప్పావు కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కూరగాయల చాకును వేలిమీద అడ్డంగా నిలబెడితే అది పిడి మొదట్లోనే నిలుస్తుంది. కుక్రీ అలా నిలవదు. పిడి దాటి మూడు నాలుగు వేళ్ళు ముందుకు జరిపితే గానీ తూగదు. బరువంతా ముందువైపు, కడుపులా ఉబ్బిన భాగంలో ఉంటుంది. మన కొబ్బరిబొండాల కత్తి ఎత్తి చూసినవారికి ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. ఎత్తేటప్పుడు బరువనిపిస్తుంది, దించేటప్పుడు ఆ బరువే పని చేస్తుంది.

అయితే బరువు ముందుకు నెట్టినంత మాత్రాన మంచి కుక్రీ అయిపోదు. బరువు మరీ ముందుకు పోతే పది దెబ్బలకే మణికట్టు పట్టేస్తుంది. మరీ వెనక్కి వస్తే దెబ్బలో సత్తువ ఉండదు. ఈ రెంటికీ మధ్య చోటు పట్టుకోవడమే కమ్మరి పనితనం. దానికి అతను మూడు పనులు చేస్తాడు. ఒకటి, కత్తి వెన్ను. పిడి దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు మందం ఉన్న వెన్నును మొన వైపు పోనుపోను పలచన చేస్తాడు. రెండు, కత్తి పక్కల వెన్ను కింద పొడుగునా పల్లం తీస్తాడు. గట్టితనం తగ్గకుండా బరువు తగ్గుతుంది. ఇలాంటి పల్లాలు మూడుంటే తీన్‌చిరా అంటారు. మూడు, వంపు. కత్తి కిందికి వంగి ఉండడం వల్ల వాదర దెబ్బ తగిలే చోట కాస్త ఏటవాలుగా దిగుతుంది. నరుకుతూనే కోస్తుంది కూడా. కొడవలి పట్టినవాళ్ళకు ఈ కిటుకు కొత్త కాదు.

రకాన్ని బట్టి ఈ తూకం మారుతుంది. సిరుపాతే అంటే సిరు అనే గడ్డి ఆకులా సన్నగా, నాజూకుగా ఉండేది. చేతిలో చురుగ్గా తిరుగుతుంది, కానీ మోపెడు కట్టెలు కొట్టడానికి అంత పనికిరాదు. తూర్పు నేపాల్‌లోని భోజ్‌పూర్ పేరుమీద వచ్చిన భోజ్‌పురే వెడల్పు కడుపుతో దిట్టంగా ఉంటుంది. నరుకుడు పనికి అదే సరి. సైన్యం దారి వేరు. పాత కుక్రీలో ఇనుము సన్నటి తోకలా పిడి లోపలికి దిగి, లక్కజిగురుతో బిగుసుకునేది. తెల్లవాళ్ళ సైన్యం వేలకు వేలు ఒకే కొలతలో కావాలంది. దాంతో ఇనుము పిడి వెడల్పంతా వచ్చి, రెండు పక్కలా చెక్కలు వేసి మేకులు కొట్టిన రకం మొదటి ప్రపంచయుద్ధం నాటికి వాడుకలోకి వచ్చింది. గట్టిదే, పిడి ఊడదు. కానీ వెనక బరువు పెరుగుతుంది కాబట్టి తూకం మళ్ళీ మొదటినుంచి లెక్క చూసుకోవాలి.

2003లో కాఠ్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారంలో ఉన్న సరుకు అమెరికా వ్యాపారులకు అమ్ముడుపోయింది. దానితో తరాలనాటి నేపాలీ సైనిక కుక్రీలు వేల సంఖ్యలో బయటికొచ్చాయి. వాటిని ఇప్పటి బజారు కుక్రీల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. టూరిస్టుల కోసం చేసే చవకరకంలో వెన్ను మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం. ఎత్తితే సమ్మెట ఎత్తినట్టు ఉంటుంది. మెరుపు మాత్రం పాతదానికంటే ఎక్కువ. వెన్ను పలచన చెయ్యడానికి పట్టే గంటల పనికి కొనేవాడు డబ్బివ్వడు మరి.

ఇప్పుడు ఆ గంటల పని ఎలా ఉంటుందో చూద్దాం. ఈ రోజుల్లో ఇనుము ఎక్కువగా పాత లారీ కమానుపట్టీల నుంచే వస్తుంది. దాన్ని ముక్క కోసి, బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు సమ్మెట వేస్తారు. ఆకారం వచ్చాక అసలు పరీక్ష. కత్తిని మళ్ళీ ఎర్రగా కాల్చి, కెటిల్‌తో నీళ్ళు సన్నటి ధారగా వాదర పొడుగునా మాత్రమే పోస్తారు. వాదర గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా నిలుస్తుంది. కత్తి మొత్తం నీళ్ళలో ముంచితే అంతా గట్టిపడి, బండకు తగిలినప్పుడు విరిగిపోవచ్చు. ఈ పద్ధతిలో వాదర పదును నిలుపుకుంటుంది, వెన్ను దెబ్బను మింగుతుంది. ధార ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఇనుము ఏ రంగులో ఉండగా పొయ్యాలి అన్నది కంటికీ చేతికీ తెలిసిన లెక్క. ఒరలో కుక్రీతోపాటు రెండు చిన్న కత్తులు కూడా ఉంటాయి. చిల్లర పనులకు కర్దా. పదును సరిచెయ్యడానికి, రాయితో నిప్పు పుట్టించడానికి చకమక్. ఒక ఒరలో ఇంటికి కావలసిన సరంజామా అంతా ఉందన్నమాట.

ఈ కత్తికి ప్రపంచంలో పేరొచ్చింది యుద్ధంలో. 1814లో ఈస్టిండియా కంపెనీ నేపాల్ మీదికి వెళ్ళినప్పుడు డెహ్రాడూన్ దగ్గర నాలాపానీ కోటను బలభద్ర కున్వర్ కొద్దిమందితో నెలరోజులు నిలబెట్టాడు. కంపెనీ జనరల్ గిలెస్పీ అక్కడే చనిపోయాడు. ఎదిరించినవాళ్ళ సత్తా చూసి కంపెనీ 1815 నుంచి వాళ్ళనే సైన్యంలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మన దేశానికి, నాలుగు బ్రిటన్‌కు వచ్చాయి. గూర్ఖా దళాల చిహ్నాల్లో అడ్డంగా పెనవేసిన రెండు కుక్రీలు ఇప్పటికీ కనిపిస్తాయి.

సిపాయి పేరు చరిత్రలో ఉంది, సేనాపతి పేరుంది, కత్తి పేరుంది. కత్తి చేసినవాడి పేరు?

నేపాల్‌లో కుక్రీ చేసేవారిది కామీ కులం. తమను తాము విశ్వకర్మలమని చెప్పుకుంటారు. 2021 జనాభా లెక్కల ప్రకారం నేపాల్ జనంలో వాళ్ళు దాదాపు 5 శాతం. జంగ్ బహాదుర్ రాణా 1854లో తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం వాళ్ళను అంటరానివాళ్ళుగా రాతపూర్వకంగా నిలబెట్టింది. వాళ్ళు తాకిన నీళ్ళు పనికిరావు. వాళ్ళు చేసిన కత్తి మాత్రం దశైం పండక్కి పూజలో ఉంటుంది. కత్తి గడప దాటి లోపలికి పోతుంది, దాన్ని చేసినవాడు గడప బయటే. 1963లో వచ్చిన కొత్త చట్టం ఆ భేదాన్ని తీసేసింది. 2011లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. అయినా పల్లెల్లో పంపు దగ్గర, గుడి దగ్గర ఆ పాత గీత పూర్తిగా చెరిగిపోలేదు. 

ఊళ్ళో రైతుల పనిముట్లు ఏడాదంతా బాగుచేసినందుకు కామీకి పంట చేతికొచ్చాక ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దాన్ని బాలీ అంటారు. ఇది చదవగానే మన పెద్దలకు 'మేర' గుర్తొస్తుంది. మన ఊళ్ళ ఆయగాండ్రలో కమ్మరికి కల్లం దగ్గర ఇచ్చింది అదే కదా. తేడా లేదని అనం. మన పంచాణంవారిని అంటరానివారిగా చూడలేదు. కానీ పని వాడుకుని పేరు మరిచిపోవడంలో మాత్రం మనమేమీ వెనకబడలేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తెలుగు కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తులకు లోకం పెట్టిన పేరు డమాస్కస్. ఊరి పేరే నిలవలేదు, ఇక మూస దించినవాడి పేరు ఎక్కడ దొరుకుతుంది?

పూర్వం మన ఊళ్ళు వదిలి ఇక్కడికి వచ్చినవారిలో కొలిమి పనివాళ్ళున్నారు, వడ్రంగులున్నారు, తర్వాత ఫ్యాక్టరీల్లో లేత్ మీద నిలబడ్డవాళ్ళున్నారు. సంఘం పుస్తకాల్లో చందాలిచ్చినవారి పేర్లు పద్ధతిగా ఉంటాయి. పనిచేసిన చేతుల పేర్లు లేవు. ఈ ఆయుధపూజకు మీ ఇంట్లో తాతగారి సుత్తి, బాడిశ, కొలబద్ద ఏదైనా మిగిలి ఉంటే తీసుకురండి. పక్కన ఒక కాగితం మీద ఆయన పేరు, ఊరు, చేసిన పని రాసి పెట్టండి. వాటన్నిటినీ ఒక పుస్తకంలోకి ఎక్కించే బాధ్యత మేం తీసుకుంటాం. బొట్టు పనిముట్టుకు పెడదాం, పేరు మాత్రం దాన్ని పట్టుకున్నవారిది రాద్దాం.

అలాగే ఈ రాత్రి మీ వీధిలో ఈల వినిపిస్తే, ఆ మనిషిని పేరడగండి.