బేరియం పటం: మాట మాటకూ అర్థం

మూలవాక్యం: నలత లేనివారు పరగడుపున బేరియం తాగి, తేన్పు ఆపుకొని, బల్ల మీద దొర్లితే దొరికే పటం అనుమానం చెబుతుంది.

అవతారిక: ఒకప్పుడు జపాన్‌లో క్యాన్సర్ మరణాల్లో మొదటి స్థానం జీర్ణాశయ క్యాన్సర్‌దే. 1960లో మియాగి ప్రాంతంలో, తోహొకు విశ్వవిద్యాలయ వైద్యుడు కురొకవ తొషియో చొరవతో ఎక్స్‌రే బండ్లు ఊళ్లకు కదిలాయి. 1983 నుంచి అది దేశమంతటి కార్యక్రమమైంది. ఆ పరీక్షకే ఈ వ్యాఖ్య.

నలత లేనివారు: ఈ వాక్యానికి ప్రాణం ఈ మాటే. ఒంట్లో బాగున్నవారిని పిలిచి చూడటమే స్క్రీనింగ్. క్యాన్సర్ పైపొరల్లో, అంటే శ్లేష్మపొరలోనో దాని కింది పొరలోనో ఉన్నంతకాలం మనిషికి తరచూ ఏ బాధా తెలియదు. ఆ పొరలు దాటని క్యాన్సర్‌నే 1962లో జపాన్ వైద్యులు తొలిదశ క్యాన్సర్‌గా నిర్వచించారు. నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉండేది అప్పుడే.

పరగడుపున: మిగిలిన మెతుకు పటంలో కంతిలా కనబడవచ్చు, అసలు కంతిని కప్పేయనూవచ్చు.

బేరియం: జీర్ణాశయపు గోడ ఎక్స్‌రేలో విడిగా కనబడదు. బేరియం బరువైన మూలకం, కిరణాలను అడ్డుకుంటుంది. తాగించేది నీటిలో కరగని బేరియం సల్ఫేట్ కనుక ఒంటికి పట్టదు, తెల్లటి విరేచనంగా పోతుంది. పేగులో గట్టిపడకుండా ఆ రోజు నీళ్లు బాగా తాగాలి.

తేన్పు ఆపుకొని: ముందుగా మింగించిన పొడి పొంగి గాలి పుట్టిస్తుంది. ఆ గాలికి పొట్ట ఉబ్బి ముడతలు విచ్చుకుంటాయి, వాటి మీద బేరియం పలచగా పరుచుకుంటుంది. 1950లలో షిరకాబె, ఇచికావ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. తేన్పు వస్తే గాలి పోయి ముడతలు మళ్లీ మూసుకుంటాయి.

దొర్లితే: ముందు గోడకూ వెనక గోడకూ పూత అందాలంటే మనిషి తిరగక తప్పదు.

పటం: చూపు ముడతల నడక మీద ఉండాలి. అవి ఒకచోటికి చేరి, ఠక్కున తెగిపోతే అక్కడ ఆగాలి.

అనుమానం: తీర్పు కాదు. ఎండోస్కోపీ, ముక్కపరీక్ష తేల్చాలి. చదునుగా ఉన్న మచ్చ పటానికి చిక్కకపోవచ్చు. 2016లో జపాన్ ఎండోస్కోపీనీ స్క్రీనింగ్‌లో చేర్చి, 50 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి చాలంది.

తాత్పర్యం: బండి వెతికేది బాధ ఇంకా మొదలవని మనిషిని. నల్లటి విరేచనం, ఆగని వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారికి ఈ వాక్యం వర్తించదు. పైగా మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను చూస్తుంది, జీర్ణాశయాన్ని కాదు. కాబట్టి ఆ లక్షణాలుంటే గ్యాస్ బిళ్లతో సరిపెట్టుకోకుండా ఈ వారమే వైద్యుణ్ని కలవాలి.