నిలిపిన స్తంభాలు

నా వద్ద చదివి, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో సింగరేణి ఉద్యోగ పరీక్షకు సిద్ధమవుతున్న ఇల్లందు కుర్రవాడొకడు, "సార్, బొగ్గును కనుగొన్నాయన పేరుంది, తవ్వినోళ్ల సంగతేది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. 1871లో విలియం కింగ్, 1886లో ఇంగ్లండులో పుట్టిన దక్కన్ కంపెనీ, 1889లో ఇల్లందు తవ్వకం, 1920లో సింగరేణి కంపెనీ. మన చరిత్ర ఇంతటితో తృప్తి పడుతుంది. తవ్విన పద్ధతిలోనే శ్రామికుని చరిత్ర ఉన్నదని నా వాదం.

'బోర్డ్ అండ్ పిల్లర్' పద్ధతిలో బొగ్గుపొరను అడ్డంగా, నిలువుగా తొలుస్తారు. నడుమ వదిలిన బొగ్గే స్తంభాలై పైకప్పును మోస్తుంది. గని హద్దు చేరాక వెనుదిరిగి ఆ స్తంభాలనూ కోసుకుంటూ వస్తారు. వెనుక కప్పును కూలనిస్తారు, లేదా ఇసుకతో నింపుతారు. తమను కాచినదానినే తాము నరకాలి! అక్కడ ఇనుపదానికంటె కర్ర దిమ్మెనే గనివాళ్లు నమ్మేవారు: విరిగే ముందు కిర్రుమంటుంది గనుక. ఆ చెవిని మనం విద్య అనలేదు, 'అనుభవం' అని సరిపెట్టుకున్నాం.

1983లో గోదావరిఖనికి లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. నేడు అధికభాగం బొగ్గు ఓపెన్‌కాస్టు గుంటలది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికులు సగానికంటె తగ్గారు.

కుర్రవాని తాత ఆ గనులలోనే పనిచేశాడట. ఈసారి ఊరికి వెళ్లినపుడు కర్ర చప్పుళ్లను ఏమని పిలిచేవారో అడిగి వ్రాసుకు రమ్మన్నాను.