పట్టుచీర మడతల్లో మొగలిరేకు

ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతల్లో, ఎప్పటిదో మొగలిరేకు ఎండిపోయి దొరుకుతుంది. ఎవరు పెట్టారో, ఏ పెళ్ళినాడు పెట్టారో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? రేకు మిగులుతుంది, దాని కథ పోతుంది. ఆ కథ కూడా పోకుండా దాచే చోటుకే హెర్బేరియం అని పేరు. మొక్కని కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి దళసరి కాగితం మీద అతికిస్తారు. పక్కన చీటీ. ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎవరు కోశారు? అవన్నీ రాస్తారు.

అమెరికాలో ఈశాన్యపు కొసన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి బ్రన్స్‌విక్ పట్నంలో కేట్ ఫర్బిష్ అనే ఆమె ఉండేది. 1834లో పుట్టింది. పెళ్ళి చేసుకోలేదు, పెద్ద డిగ్రీలూ లేవు. బోస్టన్‌లో వృక్షశాస్త్రం మీద ఉపన్యాసాలు విన్నది, బొమ్మలు వెయ్యడం వచ్చు. ఆ పెట్టుబడితోనే మా రాష్ట్రంలో పూసే ప్రతి పువ్వునీ గీస్తానని పట్టుపట్టింది. పొడుగాటి గౌన్లు వేసుకుని బురదనేలల్లో దిగి తిరిగేదంటే చూసినవాళ్ళు ఏమనుకునేవారో!

1880లో, నలభై ఆరేళ్ళ వయసులో, సెయింట్ జాన్ నది ఒడ్డు తడినేలలో ఆమెకి ఒక పచ్చపూల మొక్క కనిపించింది. ఆకులు ఫెర్న్ ఆకుల్లా ఉంటాయి. మన చందనం చెట్టులాగే ఇదీ పక్క మొక్కల వేళ్ళనుంచి కొంత ఆహారం లాక్కుంటుంది. 1882లో హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు సెరెనో వాట్సన్ దీనికి ఆమె పేరే పెట్టాడు, పెడిక్యులారిస్ ఫర్బిషియే అని. పుస్తకాల్లో ఆడవాళ్ళ పేరున్న మొక్క కనబడలేదు కాబట్టే ఒప్పుకుంటున్నానని ఆమె రాసిందట! వాడుక పేరు మాత్రం ‘పేలమొక్క’ అనే అర్థం వచ్చేది. ఆ జాతి మొక్కలు మేస్తే పశువులకి పేలు పడతాయని పాతకాలపు నమ్మకం.

తర్వాత ఒక దశలో ఆ మొక్క చాలాకాలం ఎవరికీ కనబడలేదు. 1970ల నాటికి అంతరించిందనే అనుకున్నారు. అప్పటికే ఆ నది మీద డికీ-లింకన్ అనే ఆనకట్టకి 1965లోనే అనుమతి అయిపోయింది. కడితే దాదాపు 88 వేల ఎకరాల అడవి మునుగుతుంది. దాని కోసం మొక్కల లెక్క తీస్తూ 1976లో చార్లెస్ రిచర్డ్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒడ్డున నడుస్తుంటే, అదే పచ్చపువ్వు! ఇది ఫలానా అని పోల్చగలిగారంటే, ఆ కాగితాలూ చీటీలూ చెక్కుచెదరకుండా ఉండబట్టే కదా.

1978లో ప్రభుత్వం దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. పేలమొక్క కోసం ఆనకట్ట ఆపుతారా అని పత్రికలవాళ్ళు నవ్వారు. పువ్వొక్కటే ఆపిందని నేనూ అనను. ఖర్చూ ఉంది, అడవి మునుగుతుందన్న జనం బాధా ఉంది. మొత్తానికి 1986లో ఆ పథకం రద్దయింది.

నది కట్టేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. వసంతంలో మంచుగడ్డలు విరిగి, ఒడ్డుని గీక్కుంటూ పోతాయి. పొదలూ చెట్లూ కొట్టుకుపోతాయి. ఆ ఖాళీలోనే ఈ మొక్కకి ఎండ తగులుతుంది. గీకుడు మరీ తరచుగా జరిగితే ఇదీ పోతుంది, అసలు లేకపోతే పొదల నీడలో చస్తుంది. నీరు నిలిచిపోతే ఇక దానికి చోటేదీ?

కేట్ గీసిన బొమ్మల సంపుటాలు 1908లో బోడిన్ కాలేజీకి వెళ్ళాయి. నాలుగువేల దాకా ఎండుమొక్కల కాగితాలు హార్వర్డ్ చేరాయి. ఆమె 1931లో, తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ పువ్వుని 2023లో ‘ప్రమాదంలో ఉన్న’ పట్టిక నుంచి ఒక మెట్టు కిందికి, ‘ముప్పు ఉన్న’ వాటిలోకి మార్చారు.