తరగతి మొత్తంగా ప్రయాణం: జపాన్ పాఠశాలల విదేశీ యాత్రలపై ఒక పరిశీలన

బడిపిల్లల విదేశీ యాత్రల గురించి మన దగ్గర మాట వస్తే రెండు ప్రశ్నలే వినిపిస్తాయి: ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఎంత కట్టాలి. తరగతిలో ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఉండిపోతున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లోని ప్రైవేటు బడులు సింగపూర్‌కో, దుబాయ్‌కో, అమెరికాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రానికో పిల్లల్ని తీసుకెళ్తాయి. డబ్బు కట్టగలిగినవాళ్లు పేర్లిస్తారు. ప్రభుత్వం పంపితే ప్రతిభ చూసి పంపుతుంది. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల నుంచి ఎంపికైన పదిమంది విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయానికి వెళ్లొచ్చారు. జపాన్ ప్రభుత్వ సంస్థ ఒకటి 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ కార్యక్రమం కింద మన దేశంలోని బడిపిల్లలు కొందరు ఆ దేశం చూసొస్తున్నారు. ఆ పిల్లల సంతోషం నిజమైనది, వాళ్లను పంపినవాళ్ల శ్రమా మెచ్చదగ్గదే. అయినా ఈ రెండు పద్ధతుల్లోనూ తరగతిలో ఎక్కువమంది ఇంటి దగ్గరే ఉండిపోతారు.

సకురా కార్యక్రమం పిల్లలు వెళ్లొచ్చిన జపాన్‌లోనే వేరే సంప్రదాయం ఉంది. అక్కడ ‘షూగాకు ర్యోకో’ అనే విద్యాయాత్రకు తరగతికి తరగతే కదులుతుంది. ప్రాథమిక బడిలో ఆరో ఏట, జూనియర్ హైస్కూల్లో సాధారణంగా మూడో ఏట, హైస్కూల్లో రెండో ఏట ఈ యాత్ర వస్తుంది. జాతీయ పాఠ్యప్రణాళిక దీన్ని ‘ప్రత్యేక కార్యకలాపాల’ కింద చదువులో భాగంగానే లెక్కిస్తుంది. చిన్న తరగతుల యాత్రలు ఎక్కువగా క్యోటో, నారా, నిక్కో, హిరోషిమా వంటి చోట్లకే. విదేశాలకు వెళ్లేది ప్రధానంగా హైస్కూలు పిల్లలు. అందులోనూ ప్రభుత్వ బడుల కంటే ప్రైవేటు బడుల వాటా ఎక్కువ. విదేశీ యాత్రను చదువుగా నిలబెట్టేది చేరుకున్న ఊరి కంటే ముందు, తరగతి చెదరకుండా వెళ్లడమే అన్నది ఈ వ్యాసంలో నా ప్రతిపాదన. అయితే ఇదే సామూహికత ఒకప్పుడు సామ్రాజ్యానికి సేవ చేసింది కూడా. ఆ చరిత్రను దాటేసి జపాన్ పద్ధతిని మెచ్చుకోవడం సరికాదు.

తుపాకులతో మొదలైన నడక

ఈ సంప్రదాయానికి మొదటి అడుగుగా చరిత్రకారులు సాధారణంగా చూపేది 1886 ఫిబ్రవరి నాటి ఒక నడక. టోక్యో నార్మల్ స్కూలులో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థులు చిబా ప్రాంతంలోని చోషి తీరం దాకా పది రోజులకు పైగా సాగిన యాత్ర చేశారు. మోరి అరినోరి విద్యామంత్రిగా ఉన్న కాలమది. బడుల్లో సైనిక కవాతు ప్రవేశపెట్టిన మనిషి ఆయన. అందుకే ఆ యాత్రలో కవాతూ తుపాకీ అభ్యాసమూ ఉన్నాయి. వాటి పక్కనే మొక్కల సేకరణ, సముద్రజీవుల పరిశీలన వంటి పనులూ చేశారు. దండయాత్ర లక్షణమూ విజ్ఞానయాత్ర లక్షణమూ పుట్టుకలోనే కలిసిపోయాయన్నమాట. ఆ తర్వాత అరవై ఏళ్లలో ఏది పైచేయి అయిందో చూస్తే ఆ దేశ రాజకీయ చరిత్రే కనిపిస్తుంది.

విదేశీ యాత్రల్లో తొలిదిగా నాగసాకి వాణిజ్య పాఠశాల 1896లో చేసిన షాంఘై ప్రయాణాన్ని చెబుతారు. వర్తకం నేర్చుకునే పిల్లలకు షాంఘై రేవు చూపడంలో ఆశ్చర్యమేమీ లేదు. అసలు మలుపు 1906లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే రష్యా మీద యుద్ధం గెలిచారు. సైన్యమూ విద్యాశాఖా చేతులు కలిపి, మాధ్యమిక పాఠశాలల, నార్మల్ స్కూళ్ల విద్యార్థుల్ని ఓడల్లో మంచూరియాకు చేర్చాయి. పిల్లలకు చూపించింది పోర్ట్ ఆర్థర్ చుట్టుపక్కల గుట్టల మీది యుద్ధభూములు. తర్వాతి దశాబ్దాల్లో కొరియా, మంచూరియా యాత్రలు చాలా బడులకు వాడుకైపోయాయి. తమ దేశం ఏలుతున్న నేలను, తమవాళ్లు వేసిన రైలు మార్గాల మీద, తమ సైనికుల స్మారకాల దగ్గర ఆగుతూ పిల్లలు చూసొచ్చారు. అక్కడి పిల్లలతో మాట్లాడించడం ఆ యాత్రల ఉద్దేశంలో లేదు. అందరూ కలిసి వెళ్లి అందరూ ఒకే కంటితో చూసి రావడమే వాటి ఉద్దేశం.

1930ల్లో దేశం లోపలి యాత్రలు కూడా ఇసే షింటో మహాలయం వైపు మళ్లాయి. బడియాత్ర భక్తియాత్ర రూపం తీసుకుంది. యుద్ధం ముదిరి రైళ్లు సైన్యానికే చాలని స్థితి వచ్చేసరికి, 1940ల మొదటి సగంలో, ఇవన్నీ ఆగిపోయాయి.

బియ్యం మూట, పొగమంచు, సమాంతర పట్టాలు

యుద్ధం ముగిశాక ఈ యాత్రలు ఎంత త్వరగా తిరిగి మొదలయ్యాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1946 నుంచే కొన్ని బడులు బయల్దేరాయి. తిండికి రేషన్ ఉన్న రోజులు కాబట్టి పిల్లలు తమ వంతు బియ్యం వెంట తీసుకెళ్లి సత్రంవాళ్లకు అప్పజెప్పేవారు. ఇళ్లలో కడుపునిండా అన్నం లేని కాలంలో పిల్లవాడి యాత్ర కోసం బియ్యం పక్కన పెట్టిన తల్లిదండ్రుల దృష్టిలో అది చదువే. విలాసమని అనుకుని ఉంటే ఆ గింజలు డబ్బాలోనే ఉండిపోయేవి.

ఈ చరిత్రలో రెండు దుర్ఘటనల్ని విడిగా చెప్పాలి. 1955 మే 11న సెటో లోతట్టు సముద్రంలో, దట్టమైన పొగమంచులో, ‘షియున్ మారు’ అనే రైల్వే ఫెర్రీ మరో ఫెర్రీని ఢీకొని మునిగింది. 168 మంది చనిపోయారు. అందులో వందమంది విద్యాయాత్రలో ఉన్న పిల్లలు. ఈదడం రాక పోయిన ప్రాణాలు కళ్లముందు ఉండటంతో బడుల్లో ఈత నేర్పాలన్న ఉద్యమం ఊపందుకుంది. ఆ సముద్రం మీద వంతెన కావాలన్న డిమాండుకూ ఇదే బలమిచ్చింది. సెటో మహావంతెన 1988 ఏప్రిల్ 10న తెరుచుకుంది. దానికి కొన్ని రోజుల ముందే, మార్చి 24న, షాంఘై శివార్లలో రెండు రైళ్లు ఢీకొన్నాయి. వాటిలో ఒకదానిలో ఉన్న కోచి నగరపు ఒక ప్రైవేటు హైస్కూలు విద్యార్థులు 27 మంది, ఒక ఉపాధ్యాయుడు మరణించారు. వాళ్లు సుజౌ నుంచి హాంగ్‌జౌ వెళ్తున్నారు. కోచి ఉన్నది షికోకు ద్వీపంలో, అంటే ఆ కొత్త వంతెన ప్రధాన భూభాగంతో కలపబోతున్న ద్వీపంలోనే.

ఇంత జరిగినా జపాన్ సమాజం పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. మన దగ్గర ఒక విహారయాత్ర బస్సుకు ప్రమాదం జరిగితే వెంటనే వచ్చే ఆదేశం యాత్రలు ఆపేయమని. అక్కడ యాత్ర చదువులో భాగం కాబట్టి, దాన్ని ఎలా భద్రంగా చేయాలన్న దిశలోనే ఆలోచన సాగింది. 1959లో విద్యాయాత్రల కోసమే ప్రత్యేకంగా రైళ్లు తయారుచేశారు. టోక్యో నుంచి ‘హినోదే’, కాన్సాయ్ నుంచి ‘కిబో’ నడిచాయి. ఒక దేశపు రైల్వే బడిపిల్లల ప్రయాణం కోసం కొత్త రైళ్లు కట్టించడం చిన్న విషయం కాదు. యాత్రకు ముందే ఉపాధ్యాయులు వెళ్లి దారి, బస, ఆసుపత్రి చూసి వచ్చే ఆనవాయితీ ఉంది. యాత్రలో తరగతి టీచర్లతోపాటు నర్సు ఉంటారు.

నెలనెలా కట్టే యాత్ర

1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ పెరగడంతో విదేశీ యాత్ర చాలా కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. ‘ప్రిఫెక్చర్’ అనే స్థానిక పాలనా ప్రాంతాల విద్యామండళ్లు ప్రభుత్వ హైస్కూళ్లకు రోజుల మీద, ఖర్చు మీద పరిమితులు పెడతాయి. ఆ పరిమితి లోపల ఎక్కడికి వెళ్లగలమన్నది బడి తేల్చుకుంటుంది. తల్లిదండ్రులు మొత్తం డబ్బు ఒకేసారి కట్టరు. పిల్లవాడు బడిలో చేరింది మొదలు నెలనెలా కొంత జమ చేస్తూ పోతారు. నిర్బంధ విద్య దశలో పేద కుటుంబాలకు విద్యాసహాయ పథకం కింద యాత్ర ఖర్చు కూడా అందుతుంది. ఈ ఏర్పాట్లన్నిటి వెనక ఒకే నియమం ఉంది: ధర పెరిగితే గమ్యం మారాలి గాని పిల్లలు తగ్గకూడదు. మన బడుల సర్క్యులర్లలో గమ్యం ముందు ఖాయమవుతుంది, పిల్లల జాబితా తర్వాత తయారవుతుంది. తేడా అంతా ఈ వరసలోనే ఉంది.

ఈ నియమానికి ఇప్పుడు బీటలు పడుతున్నాయి కూడా. కొన్ని జపాన్ హైస్కూళ్లు పిల్లల్ని విదేశీ కోర్సు, స్వదేశీ కోర్సు అని విడదీసి ఎంచుకోమంటున్నాయి. 2022 నుంచి యెన్ పడిపోవడంతో ఆ ధోరణికి ఊతం దొరికింది. అభిరుచి పేరుతో జరిగే ఆ విభజన చాలావరకు తండ్రి జీతం మీద ఆధారపడుతుందని నా అనుమానం. తరగతిని అలా రెండుగా కోసే బదులు అందరూ కలిసి దేశంలోనే ఉన్న ఒకినావా వెళ్లడమే మేలు.

చేతిపుస్తకం, తైవాన్ మధ్యాహ్నం

విద్యాయాత్రలో చదువు ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే ‘షియోరి’ని చూడాలి. యాత్రకు ముందు చాలా బడుల్లో పిల్లల కమిటీయే తయారుచేసే చేతిపుస్తకం ఇది. అట్ట మీద బొమ్మ పిల్లలదే. లోపల గంటల వారీ కార్యక్రమం, బస్సులో ఎవరి సీటు ఎక్కడ, గదిలో ఎవరితో ఎవరు, హోటల్లో అత్యవసర ద్వారాల పటం, వెంట తెచ్చుకోవాల్సిన వస్తువుల జాబితా, వెళ్లే దేశం గురించి పిల్లలు చదివి రాసిన పేజీలు, రోజువారీ అనుభవం రాసుకోవడానికి ఖాళీ పేజీలు ఉంటాయి. నెలల తరబడి సాగే ముందస్తు పాఠాలు ఇందులో చేరతాయి. తిరిగొచ్చాక చేసే నివేదికకూ ఇదే ఆధారం. ఐదారుగురు కలిసి ఒక ‘హాన్’గా ఏర్పడతారు. నాయకుడు, సమయం చూసేవాడు, ఆరోగ్యం చూసేవాడు అంటూ బాధ్యతలు పంచుకుంటారు. కొన్ని గంటలపాటు టీచరు లేకుండా ఆ గుంపే నగరంలో తిరగాలి. సింగపూర్, తైవాన్ వంటి చోట్ల స్థానిక విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు ఒక్కో గుంపుకు తోడుగా నడిచే ఏర్పాటు ప్రచారంలో ఉంది. ఏ మెట్రో ఎక్కాలి, ఎక్కడ తినాలి అన్నది పిల్లలు తడబడే ఇంగ్లీషులో అడిగి తేల్చుకుంటారు.

2010ల్లో జపాన్ హైస్కూళ్ల విదేశీ గమ్యాల్లో తైవాన్ మొదటి స్థానానికి చేరింది. మూడు నాలుగు గంటల విమానం, అదుపులో ఉండే ఖర్చు, భద్రత ఇందుకు కారణాలు. వాటికంటే ముఖ్యం, అక్కడి హైస్కూళ్లు అతిథుల్ని తమ తరగతి గదుల్లోకి పిలవడం. పాఠశాల సందర్శన రోజు హాలులో స్వాగతం, రెండు వైపులా చిన్న ప్రసంగాలు, పాటలు, ఆటలు అయ్యాక పిల్లలు జతలుగా విడిపోతారు. ఒక జపాన్ అమ్మాయి, ఒక తైవాన్ అమ్మాయి ఒకే బల్ల దగ్గర కూర్చుని పాఠం వింటారు, డబ్బాలో భోజనం పంచుకుంటారు. ఉమ్మడి లిపి అక్షరాలు కాగితం మీద రాసి ఒకరికొకరు అర్థం చెప్పుకుంటారు. 1895 నుంచి 1945 దాకా తైవాన్ జపాన్ వలస. ఒకప్పుడు బడిపిల్లలకు తమ పాలన గొప్పదనం చూపడానికి తీసుకెళ్లిన నేల మీదే ఇప్పుడు పిల్లలు అతిథులుగా కూర్చుంటున్నారు. దక్షిణ కొరియా వెళ్లిన కొన్ని బడులు 1987లో తెరిచిన స్వాతంత్ర్య స్మారక ప్రదర్శనశాలను చూపి, తమ దేశం చేసిన అన్యాయాన్ని పిల్లల ముందు పెట్టాయి. 1906 నాటి యాత్రకూ దీనికీ మధ్య అందరూ కలిసి వెళ్లడమన్నది మారలేదు. అవతలి మనిషి ఎదురుగా కూర్చున్నాడు, అంతే. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి పెద్ద మార్పు అదే.

మన వైపు నుంచి

జపాన్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోవడం మనకు కుదరదు. ఒక మండలంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల పదో తరగతి మొత్తం విమానమెక్కడం ఇప్పటికి ఊహకందని ఖర్చు. పాస్‌పోర్టు ఒక్కటే పెద్ద అడ్డంకి. మైనరు పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమల్లో ఎందరో పిల్లల తండ్రులు, కొందరి తల్లులు గల్ఫ్‌లో ఉన్నారు. విదేశమంటే ఫోనులో వినే గొంతుగా, నెలకోసారి వచ్చే డబ్బుగా తెలిసిన ఆ పిల్లలే విదేశాన్ని విద్యార్థులుగా చూడాల్సినవాళ్లు. సంతకాల కోసం తిరగలేక ముందే తప్పుకునేదీ వాళ్లే.

ఒక దారి మాత్రం ఇప్పటికే తెరిచి ఉంది. నేపాల్ వెళ్లడానికి భారతీయులకు పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. 15 నుంచి 18 ఏళ్ల లోపు విద్యార్థులకు తమ బడి ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం చాలు. పదో తరగతి చివర, ఇంటర్ పిల్లల వయసు అదే. విజయవాడ, వరంగల్లుల మీదుగా గోరఖ్‌పూర్‌కు రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. సికింద్రాబాదు నుంచి కూడా నేరుగా రైలు ఉంది. గోరఖ్‌పూర్ నుంచి సునౌలీ సరిహద్దు దాదాపు వంద కిలోమీటర్లు. అది దాటితే లుంబిని దగ్గరే. అక్కడ అశోకుడు నిలిపిన స్తంభం, దాని మీద శాసనం నేటికీ ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి శిల్పాల్లో బుద్ధుడి జననఘట్టాన్ని చూస్తూ పెరిగే అవకాశమున్న మన పిల్లలకు ఇంతకంటే అర్థవంతమైన మొదటి విదేశీ యాత్ర దొరకదు.

ఇది కేవలం పుణ్యక్షేత్ర దర్శనంగా మిగిలిపోకుండా ఉండాలంటే ఆ ప్రాంతపు బడి ఒకదానితో ముందే ఉత్తరప్రత్యుత్తరాలు నడవాలి, ఒక పూట అక్కడి తరగతి గదిలో గడవాలి. ఖర్చు విషయంలో నెలవారీ జమ పద్ధతి మన డ్వాక్రా సంఘాలకు కొత్త కాదు. తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే ఇంటర్ మొదటి ఏడాదికి చేతికొస్తుంది. జమ చేయలేని కుటుంబాల వాటాను ప్రభుత్వం ఏ పద్దు నుంచి భరిస్తుందో ముందే రాతలో ఉండాలి. లేకపోతే జాబితా మళ్లీ కట్టగలిగినవాళ్ల దగ్గరే ఆగుతుంది. అలాగే పోకకు రాక ఉండాలి. మరుసటి ఏడాది లుంబిని బడి పిల్లలు అమరావతి వస్తే బస ఎక్కడ, వంట ఎవరు, కృష్ణ ఒడ్డున వాళ్ల వెంట నడిచేది ఏ తరగతి అన్న వివరాలు మొదటి ప్రతిపాదనలోనే చేర్చాలి.