సైదాపేటలో ఒక ట్రైనీ మాస్టారు

సెప్టెంబరు 5 వస్తే రాధాకృష్ణన్ ఫోటోకి దండ వేస్తాం, నాలుగు మంచి మాటలు చెప్తాం, చాక్లెట్లు పంచుతాం. 1962 నుంచీ ఇదే తంతు. అసలాయన మాస్టారు ఎలా అయ్యాడో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆసక్తి అక్కడే.

మా పుత్తూరు నుంచి నగరి దాటిపోతే తిరుత్తణి. ఇప్పుడు తమిళనాడు గానీ, 1960 దాకా మన చిత్తూరు జిల్లానే. 1888లో అక్కడ పుట్టినాయన 1896లో తిరుపతి లూథరన్ మిషన్ బడికి వచ్చాడు. ఆ తర్వాత వేలూరు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. ఫిలాసఫీ ఏదో గొప్ప ఆశయంతో తీసుకున్నది కాదు. డిగ్రీ అయిపోయిన బంధువొకాయన తన పుస్తకాలు ఇచ్చేశాడు, కొనే ఖర్చు తప్పింది, అంతే. (మనం ఇంజనీరింగులో బ్రాంచి ఎంచుకున్న తీరు ఇంతకంటే ఘనంగా ఏమీ లేదు లెండి.)

అసలు సంగతి 1908లో ఉంది. వేదాంతంలో నీతికి చోటే లేదని మిషనరీ విమర్శకులు అంటుండేవాళ్ళు. చిన్నప్పట్నుంచీ మిషన్ బళ్ళలోనే చదివిన కుర్రాడికి ఆ మాట గుచ్చుకుంది. కోపంతో ఊరుకోకుండా కూర్చుని చదివాడు, ఎమ్మే థీసిస్ దానికి జవాబుగానే రాశాడు. దిద్దే ప్రొఫెసరు ఆల్‌ఫ్రెడ్ హాగ్ కూడా మిషనరీయే! నొచ్చుకుంటాడేమోనని కుర్రాడు భయపడ్డాడు. ఆయనేమో బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నాడు. అదే ఏడాది అది పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఇరవయ్యేళ్ళు.

నా మటుకు నాకు ఆయన చదువు నిజంగా మొదలైంది అక్కడే. ఒప్పుకోని మనిషి చదువుతాడని తెలిసి రాస్తే, తెలియనిది తెలిసినట్టు దాటేయడం కుదరదు.

1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం. 1910లో సైదాపేట టీచర్స్ కాలేజీలో శిక్షణ. అక్కడ తోటి ట్రైనీలకే సైకాలజీ పాఠాలు చెప్పాడనీ, 1912లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసిన సైకాలజీ పుస్తకం ఆ పాఠాలేననీ జీవితచరిత్రల్లో రాశారు. శిక్షణ రికార్డు పుస్తకమైపోయిందన్నమాట!

అలాగని దేవుణ్ణి చేయక్కర్లేదు. తన థీసిస్‌లోని భాగాలు వాడుకున్నాడని 1929లో జదునాథ్ సిన్హా ఆరోపించాడు. ఇద్దరూ కోర్టుకెక్కారు, 1933లో రాజీ పడ్డారు. దండలేసే రోజున ఇది ఎవరూ ఎత్తరు.

కాపీ అంటే గుర్తొచ్చింది. మా చిన్నాన్న కూతురు బీఈడీ చేస్తోంది. లెసన్ ప్లాన్ రికార్డులంటే సీనియర్ల దగ్గర తెచ్చి, అట్టలేసి, స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టి ఎక్కించడమేనంట. సంతకం పెట్టేవాళ్ళు చదవరు, చదవరని రాసేవాళ్ళకీ తెలుసు.

ఈ పిల్ల మాత్రం టీచింగ్ ప్రాక్టీసులో ఒకటి గమనించింది. అరకీ మూడోవంతుకీ కూడిక చెప్తే, ఆరో తరగతిలో సగంమంది పైవి పైకి, కిందివి కిందికి కూడేసి రెండు బై అయిదు అన్నారంట. సగం కంటే తక్కువొచ్చిందే అని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకలా చేస్తున్నారో పిల్లల్నే అడిగి రెండు పేజీలు రాసుకుంది. ఫార్మాట్లో లేదని ఆ కాగితాలు తీసేయమన్నారు.

"పారేయొద్దమ్మా, నాకు పంపించు" అన్నాను. నిన్న వచ్చాయి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, బోలెడు కొట్టివేతలు. రెండో పేజీలో ఒకచోట నేను ఒప్పుకోను. ఈ రాత్రికి ఫోన్ చేసి చెప్పాలి.